ఏడో బొమ్మకి ఊపిరి

ఆ ఇంట్లో ఊపిరి అంటే చిల్లు. బొమ్మ నెత్తిన, పాపిడి మొదలయ్యే చోట, రెండు వేళ్ళు దూరేంత వెడల్పున వదిలిపెట్టే కన్నం. బొమ్మకి ప్రాణం పోశామని చెప్పుకునే శిల్పులు లోకంలో చాలామందే ఉన్నారు. సిమెంటు బొమ్మలు పోస్తుందని అందరూ సిమెంటక్క అని పిలిచే మనిషి నోట అలాంటి మాట ఎన్నడూ రాలేదు. చిల్లు ఉందా లేదా, అంతవరకే ఆమె పట్టింపు.

ఎందుకంటే ఆమె బొమ్మలు నిలబడేది నాలుగు వీధుల కూడలిలో కాదు, సముద్రం అడుగున. రేవు నుంచి అరగంట పోతే, ఐదు నిలువుల లోతులో, పగడాలు చచ్చిపోయి బోడిగా మిగిలిన నేల ఒకటి ఉంది. అక్కడ చేపలకి మళ్ళీ గూడు కల్పించాలని తీరం ఆఫీసువాళ్ళు కాంక్రీటు దిమ్మలు పడేస్తుండేవారు. ఆ దిమ్మలేవో మనుషుల రూపంలో ఉంటే మీ సొమ్మేం పోయిందని సిమెంటక్క రెండేళ్ళపాటు వాళ్ళ చెవిలో జోరీగలా పోరింది. ఆ పోరు పడలేక సరేనన్నారు.

బొమ్మ లోపల బోలు. అడుగున వెడల్పాటి నోరు. క్రేన్‌తో దించేటప్పుడు నీళ్ళు అడుగు నుంచి లోపలికి ఎక్కుతాయి, లోపలున్న గాలి నెత్తిన చిల్లులోంచి బయటికి పోతుంది. ఆ గాలికి దారి లేకపోతే బొమ్మ తూకం తప్పుతుంది. ఒడ్డున తిన్నగా వేలాడిన బొమ్మే నీళ్ళలో తప్పతాగినవాడిలా ఊగుతుంది. కిందికి చేరాక ఆ చిల్లే చేపలకి గుమ్మం.

దానికి ఊపిరి అని పేరు పెట్టింది తమ్ముడు. వాడు సముద్రంలో దిగి పనిచేసే మనిషి, వీపున గాలి సిలిండరు కట్టుకుని ఓడల అడుగులు గీకుతాడు, తెగిన గొలుసులు వెతుకుతాడు. అక్క బొమ్మల్ని కింద దిమ్మ మీద కూర్చోబెట్టేది వాడే. దిమ్మ మీద నాలుగు ఇనుప కడ్డీలు పైకి పొడుచుకుని ఉంటాయి, బొమ్మ అడుగున నాలుగు రంధ్రాలు. క్రేన్ దించుతుంటే వాడు కింద నిలబడి, ముందువైపు కడ్డీ మీద చెయ్యి పెట్టి, రంధ్రం దాని మీదికి వచ్చేలా తోస్తాడు. ముందుది దొరికితే మిగతా మూడూ వాటంతటవే కూర్చుంటాయట.

నీళ్ళలో దిగేముందు ప్రతిసారీ ఒకటే ప్రశ్న.

"ఊపిరి ఉందా అక్కా?"

"ఉంది."

అంతే. బొమ్మ మీదికి ఎక్కి చూడడం, వేలు పెట్టి తడమడం, అలాంటివేమీ లేవు. ఆ ఒక్క మాట పట్టుకుని వాడు రెండు టన్నుల కాంక్రీటు కిందికి వెళ్ళి నిలబడేవాడు.

ఇక అక్క సంగతి. చిన్నప్పుడే ఆమె చెవిపొర చిరిగింది. నీళ్ళలో తల కూడా ముంచొద్దని డాక్టరు చెప్పాడు. కాబట్టి తను చేసిన బొమ్మలు సముద్రంలో ఎలా ఉన్నాయో ఆమె ఒక్కసారీ చూడలేదు. వాడు పైకి వచ్చి ఒళ్ళు తుడుచుకుంటూ చెప్పేదే ఆమెకి చూపు. మొదటి బొమ్మ భుజాల నిండా ఆల్చిప్పలు పట్టాయి. చెయ్యి చాపి నిలబడిన రెండోదాని అరచేతిలో నారింజరంగు సముద్రపు స్పాంజి మొలిచింది, ఎవరికో వడ్డించబోతున్నట్టుంది. మూడోదాని తలలో ఆక్టోపస్ ఒకటి కాపురం పెట్టింది, చిల్లులోంచి ఒక చెయ్యి బయటపెట్టి దారినపోయే పీతల్ని పలకరిస్తోంది.

"నీ బొమ్మకి బుర్ర వచ్చిందక్కా," అన్నాడు వాడు ఆ రోజు. ఆమెకి నవ్వీ నవ్వీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అవన్నీ ఆమె ఒక నోటు పుస్తకంలో బొమ్మలుగా గీసుకునేది. వాడు చెప్పినదాన్ని బట్టే తరవాతి బొమ్మకి ఎక్కడ గరుకు పెట్టాలో, ఎక్కడ ఆల్చిప్పల పొడి కలపాలో, ఏ మడత లోతుగా తవ్వితే రొయ్యలు దాక్కుంటాయో తేల్చుకునేది. ఈ లెక్కన ఆ బొమ్మలు ఆమె ఒక్కర్తివే కావు. కానీ పత్రికల్లో పేరు మాత్రం ఆమెదే పడేది, అదీ నిజమే.

పత్రికలతోనే వచ్చింది తంటా. ఆరో బొమ్మని దించేముందు రేవులో నిలబెట్టినప్పుడు ఒక పెద్దమనిషి వచ్చి చూసి వెళ్ళి రాశాడు. మొహాలు బాగానే ఉన్నాయి గానీ, నెత్తిన ఆ చిల్లులతో ఈ విగ్రహాలు చిల్లర దాచుకునే మట్టి ముంతల్లా ఉన్నాయని. రేవు మొత్తానికి నెల రోజుల కాలక్షేపం దొరికింది. క్రేన్ నడిపే పెద్దాయన పనిగట్టుకుని షెడ్డుకి వచ్చి, ఏ బొమ్మలో నాణెం వేస్తే మంచిదమ్మా అని అడిగి వెళ్ళాడు. సిమెంటక్క అందరితోపాటు నవ్వింది. ఇంటికొచ్చి ఆ పేజీ చింపి పొయ్యిలో పెట్టింది. చింపినంత మాత్రాన మాట పోతుందా, ముల్లులా లోపలే ఉండిపోయింది.

ఏడోది ఆఖరి బొమ్మ. దానికి మరదలు కూర్చుంది, అంటే తమ్ముడి భార్య. తమ్ముడు నీళ్ళలో ఉన్నంతసేపూ వాడి నడుముకి కట్టిన తాడు రెండో కొస పట్టుకుని పైన కూర్చునేది ఆ పిల్లే. మాట వినిపించని చోట వాళ్ళిద్దరికీ తాడే మాట. ఒకసారి లాగితే ఉన్నావా అని, జవాబుగా ఒకసారి లాగితే ఉన్నానని. రెండుసార్లు లాగితే దూరంగా జరుగు. నాలుగుసార్లు లాగితే పైకి రా. తాడు చేతిలో ఉన్నప్పుడు మరదలు మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని, తల కాస్త వంచి, చేతులతోనే వింటున్నట్టు కూర్చుంటుంది. ఆ కూర్చోవడం చూసే సిమెంటక్క ఏడో బొమ్మ మొదలుపెట్టింది.

ఒకప్పుడు ఐసు నిలవచేసిన షెడ్డు ఆమె పనిచోటు. అందులో వారం రోజులు మరదల్ని పీట మీద కూర్చోబెట్టింది. మెడ నొప్పి పుడుతోందని ఆ పిల్ల అంటే, ఆడపడుచు ఆరళ్ళు అంటే ఇవేనమ్మా అలవాటు చేసుకో అని నవ్వించింది. మట్టి, అచ్చు, తీగల చట్రం, పోత, నాలుగు వారాలు తడి గోనెసంచులు. అచ్చు విప్పిన రోజున ఆమె దాని చుట్టూ రెండుసార్లు తిరిగి చూసుకుంది. ఇన్నేళ్ళలో ఇంత మంచి మొహం ఆమె చేతి నుంచి రాలేదు. నుదురు ఉంది చూడండి, వినే మనిషి నుదురు ఎలా ముడుచుకుంటుందో అలా వచ్చింది. ఆ నుదుటికి నాలుగు వేళ్ళ పైన చిల్లు.

తల వంచిన బొమ్మ కావడంతో చిల్లు సరాసరి చూసేవాడి కంట్లో పడుతుంది. పైగా ఈసారి ఫొటో పత్రిక అట్ట మీదికట.

దించే రోజుకి ముందు సాయంత్రం ఆమె మైనం వేళ్ళతో మెత్తగా నలిపి చిల్లులోకి కూరింది. పైన పలచటి సిమెంటు ముద్ద అద్ది, పాత దువ్వెనతో జుట్టు గీతలు గీసింది. పాపిడి నుదుటి నుంచి వెనక్కి తిన్నగా నడిచింది. పొద్దున ఫొటో అయ్యాక ఉలితో ఒక్క దెబ్బ వేస్తే ఊడొచ్చేస్తుంది, ఎంతసేపు. ఉలి మర్చిపోకుండా అప్పుడే ఏప్రన్ జేబులో వేసుకుంది. తమ్ముడికి చెప్పలేదు. చిల్లు తప్పేం కాదు, అదే దీని అందం అని ఆరు బొమ్మలపాటు ఊరందరికీ పాఠం చెప్పిన మనిషి, ఫొటో కోసం దాన్ని మూశానని ఏ మొహం పెట్టుకుని చెబుతుంది?

పొద్దున ఏడింటికి రావలసిన ఫొటోలాయన ఎనిమిదిన్నర దాటాక వచ్చాడు. సముద్రం ఎవరి కోసమూ ఆగదు కదా. పోటు ఆగి ఆటు మొదలయ్యేలోపు నీళ్ళు కదలకుండా నిలబడే ముప్పావుగంటలోనే బొమ్మ దించాలి. అది తొమ్మిదిన్నరకి మొదలు. ఫొటో ఏదో దారిలో తీసుకోండి, ఎక్కండి ఎక్కండి అని తీరం ఆఫీసరు అందరినీ క్రేన్ ఉన్న బల్లపరుపు పడవ, బార్జి మీదికి తోలాడు.

దారిపొడుగునా ఫొటోలాయన తీస్తూనే ఉన్నాడు. బొమ్మ ఒక్కటే, బొమ్మా సముద్రమూ, బొమ్మ పక్కన ఈవిడ. జేబులో ఉలి తొడకి తగులుతూనే ఉంది. ఇంకొక్కటి, ఇంకొక్కటి అంటుంటే ఆమెకీ హాయిగానే ఉంది, దాచడం దేనికి. చోటుకి చేరి లంగరు వేశాక కూడా అతను వదల్లేదు, వెనక క్రేన్ కొక్కెం కనపడేలా ఒకటి కావాలన్నాడు. కాస్త ఇటు తిరగండి, గడ్డం కొంచెం పైకి, ఆ, అలాగే.

ఆ గడ్డం పైకెత్తిన క్షణంలో, ఆమె వెనక నుంచి, నడుముకి సీసపు బెల్టు బిగించుకుంటూ తమ్ముడు అడిగాడు.

"ఊపిరి ఉందా అక్కా?"

"ఉంది," అంది.

చెవి వినకముందే నోరు చెప్పేసింది. ఆరు బొమ్మల అలవాటు. ఆమె తల తిప్పి చూసేసరికి వాడు అద్దం మొహానికి లాక్కుని, వెనక్కి వాలి నీళ్ళలో పడిపోయాడు. మరదలు తాడు వదులుతూ తన చోట్లో మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది.

అప్పటికైనా గుర్తు రావాలి కదా అంటారు. రాలేదు. ఫొటోలాయన కెమెరాలో తీసిన ఫొటోలు చూపిస్తున్నాడు, ఆమె చూసుకుంటోంది. పాపిడి ఎంత బాగా వచ్చిందో చూసుకుంటోంది.

క్రేన్ పెద్దాయన బొమ్మని లేపాడు. బెల్టుల్లో వేలాడుతూ అది బార్జి అంచు దాటి, నీళ్ళ మీద ఒక్క నిమిషం ఆగింది. మరదలు అటూ ఇటూ ఒకేలా కూర్చుని ఉంది, ఒకరు ఎముకలతో, ఒకరు కాంక్రీటుతో. పాదాలు మునిగాయి. మోకాళ్ళు మునిగాయి. భుజాలు మునిగాయి. నుదురు, పాపిడి, ఆఖరికి జడ ముడి మునిగాయి. తీరం ఆఫీసరు చప్పట్లు కొట్టాడు, మిగతావాళ్ళూ కొట్టారు.

తల మునిగిన వెంటనే ఒక చప్పుడు రావాలి. గుడగుడమని, మరచెంబు నీళ్ళలో ముంచినట్టు. తరవాత పైకి బుడగల వరస రావాలి. బొమ్మ నీళ్ళు తాగుతోందని గుర్తు. ఆరుసార్లు ఆ చప్పుడు కోసమే సిమెంటక్క అంచున వంగి నిలబడింది, సముద్రంలో తన బొమ్మల గురించి స్వయంగా వినగలిగేది అదొక్కటే కాబట్టి.

చప్పుడు రాలేదు.

నీళ్ళు మూసుకున్నాయి. చప్పట్లు ఆగాయి. చప్పుడు రాలేదు.

జేబులో ఉలి ఒక్కసారిగా మణుగు బరువెక్కింది.

ఇక్కడ ఆమెని వెనకేసుకు రావడానికి ఏమీ లేదు. ఆ క్షణానే ఆమెకి అంతా తెలిసిపోయింది, మైనం, సిమెంటు ముద్ద, ఉంది అన్న మాట. నోరు తెరిచి ఆపండి అనాలి. అనలేదు. ముందు ఒళ్ళంతా సిగ్గు పాకింది. ఆపితే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెప్పాలి. తీరం ఆఫీసరు ముందు, ఫొటోలాయన ముందు, ముంతలో నాణెం వేస్తానన్న ఆ పెద్దాయన ముందు చెప్పాలి. ఆ కాస్త గాలి ఏం చేస్తుందిలే అనుకుంది. నీళ్ళ ఒత్తిడికి మైనం దానంతటదే ఊడొస్తుందేమో, ఇంకొక్క క్షణంలో బుడగలు వస్తాయేమో అనుకుంది. రావాలి, రావాలి అనుకుంటూ నీళ్ళ వంక చూసింది. ఇనుపతాడు జరజరా దిగుతూనే ఉంది.

"ఇదేంటి, తేలిగ్గా చూపిస్తోందే," అని క్రేన్ పెద్దాయన తన ముందున్న బరువు చూపే ముల్లు వంక చూసి గొణుక్కున్నాడు.

ఆ మాటతో ఆమె కళ్ళ ముందు కనపడింది తమ్ముడి చెయ్యి. ఎన్నడూ చూడని చోట, ఐదు నిలువుల కింద, ముందువైపు కడ్డీ మీద ఆనించిన కుడి చెయ్యి. తలలో గాలి ఉన్న బొమ్మ వెనక్కి వాలుతుంది, ముందువైపు అడుగు పైకి లేస్తుంది. వాడు ఇంకాస్త లోపలికి చెయ్యి జొనిపి సరిచేద్దామని చూస్తాడు. బాగా వాలాక గాలి కింది నోట్లోంచి ఒక్కసారిగా తప్పించుకుంటుంది. అప్పుడు రెండు టన్నులూ ముందుకి పడతాయి.

"ఆపండి," అంది. "ఆపండి, ఆపేయండి."

క్రేన్ ఆగింది. అందరూ ఇటు తిరిగారు. ఆమె ఎవరినీ చూడలేదు, మరదల్ని చూసింది.

"దూరంగా జరగమను వాణ్ణి. బొమ్మకి ఊపిరి లేదు."

మరదలు తాడు రెండుసార్లు గట్టిగా లాగింది. జవాబు కోసం చేతులు వదులుగా పెట్టి ఆగింది. జవాబు లేదు. మళ్ళీ రెండుసార్లు లాగింది. లేదు. ఇనుపతాడు అప్పటిదాకా తిన్నగా నిలబడి ఉన్నది, నెమ్మదిగా ఒక పక్కకి ఒరగసాగింది. కింద బొమ్మ వాలుతోంది.

"పైకి లేపేయనా?" అన్నాడు పెద్దాయన.

"వద్దు," అంది మరదలు, తాడు మీంచి చూపు తిప్పకుండా. "ఆయన ఎక్కడున్నారో తెలియకుండా దాన్ని కదపొద్దు."

మూడోసారి రెండుసార్లు లాగింది. చేతులకి ఏదైనా తగిలిందో లేదో ఎవరికీ తెలియదు, ఎందుకంటే అదే క్షణంలో సముద్రం త్రేన్చింది. బార్జికి పది అడుగుల అవతల నీళ్ళు తెల్లగా, గుట్టలా ఉబికి పగిలాయి. క్రేన్ మెడ కిర్రుమని వంగి లేచింది. బార్జి ఒక పక్కకి ఒరిగి, ఫొటోలాయన కమ్మీ పట్టుకుని కూలబడ్డాడు. అడుగు నుంచి బురద లేచి ఆ నీలం నీళ్ళు టీ రంగుకి తిరిగాయి.

తరవాత ఏమీ లేదు. అల కూడా లేదు.

మరదలు ఒకసారి లాగింది. ఉన్నావా అని.

తీరం ఆఫీసరు సాయం పట్టబోతే, ముట్టుకోవద్దని నెమ్మదిగానే చెప్పింది. మళ్ళీ ఒకసారి లాగింది. సిమెంటక్క ఆ పిల్ల పక్కనే చెక్క మీద చతికిలబడింది. దేవుడా, అన్ని బొమ్మలూ తీసుకో, వాణ్ణి ఇచ్చెయ్ అనుకుంది. ఇలాంటి బేరాలు మనిషి ఎప్పుడు ఆడతాడో మనకి తెలుసు, చేతిలో ఇవ్వడానికి ఏమీ మిగలనప్పుడే. మరదలు మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి. తల కాస్త వంగి ఉంది. నుదురు ముడుచుకుంది, సరిగ్గా బొమ్మ నుదురులా.

తాడు బిగిసింది. ఒక్కసారి.

"ఉన్నారు," అంది మరదలు. అని అప్పుడు ఊపిరి వదిలింది.

నాలుగుసార్లు లాగింది. కాసేపటికి బురదనీళ్ళలోంచి నల్లటి తల పైకి తేలింది. నిచ్చెన పట్టుకున్న ఎడం చేతికి తొడుగు ఉంది. కుడి చేతికి లేదు. నడిమి వేలి గోరు ఊడి, మణికట్టు దాకా నెత్తురు కారుతోంది. వాడు మొహం మీంచి అద్దం లాగేసి, ముందు భార్య వంక చూసి, ఏం కాలేదు అన్నాడు. మొదటిసారి లాగినప్పుడే తెలిసిందట, కానీ చేతి తొడుగు కడ్డీకి చిక్కుకుందట. మూడోసారి లాగేసరికి తొడుగు అక్కడే వదిలి చెయ్యి మాత్రం లాక్కున్నాడట.

బొమ్మని పైకి లేపారు. బార్జి మీదికి తెచ్చి ఆపగానే దాని అడుగు నుంచి తడిసి ముద్దయిన తొడుగు ఊడి చెక్క మీద చప్‌మని పడింది. అయిదు వేళ్ళూ కాగితంలా అణిగిపోయి ఉన్నాయి. ఎవరూ దాన్ని తీయలేదు.

తమ్ముడు దాన్నీ చూశాడు, తల ఎత్తి బొమ్మ పాపిడినీ చూశాడు. అక్కడ నీటిచుక్క కూడా లోపలికి ఇంకడం లేదు.

"ఉందన్నావు కదక్కా."

"మూశాను. ఫొటో కోసం. అయ్యాక తీసేద్దామనుకున్నాను."

"అడిగాను కదా."

"అడిగావు."

వాడు వీపున సిలిండరు పట్టీలు విప్పుకోసాగాడు. తిట్టి ఉంటే బాగుండేది. పెద్దాయన ఏదో ఒక వెటకారం ఆడి ఉన్నా బాగుండేది. ఆయన కూడా టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని నీళ్ళ వంక చూస్తున్నాడు. సిమెంటక్క జేబులోంచి ఉలి తీసి, ఎవరిదో సుత్తి అడిగి, అందరూ చూస్తుండగానే బొమ్మ భుజం మీదికి ఎక్కింది. ఒక్క దెబ్బతో ఊడుతుందనుకున్న ముద్ద నాలుగు దెబ్బలకి గానీ పగల్లేదు. మైనంతోపాటు నుదుటి మీంచి అరచెయ్యంత పెచ్చు కూడా లేచి కింద పడింది, ఆ ముడుచుకున్న నుదురే. ఫొటోలాయన కెమెరా ఎత్తాడు. తీయండి, ఇది కూడా తీసుకోండి అంది ఆమె. అతను ఏమనుకున్నాడో, దించేశాడు.

తిరుగు దారిలో మరదలు తాడు చుట్టలు చుట్టుకుంటూ ఆమె పక్కకి వచ్చి కూర్చుంది. తమ్ముడు అటు చివర చేతికి గుడ్డ కట్టించుకుంటున్నాడు. ఇంజను మోతలో ఇద్దరికే వినపడేలా ఆ పిల్ల చెప్పింది.

"బొమ్మ తల మునిగాక లెక్కపెట్టుకోవడం నాకలవాటు వదినా. ఇవాళ మీ మొహం చూస్తూ లెక్కపెట్టాను. చప్పుడు రాలేదని మీకు తెలిసిన తరవాత పది దాకా వచ్చాను."

సిమెంటక్క చూపు తమ్ముడి చేతికి కడుతున్న గుడ్డ మీదికి పోయింది.

"ఆయనతో నేను చెప్పను," అంది మరదలు. అని చుట్టిన తాడు ఒళ్ళో పెట్టుకుంది.

చెప్పను అన్నది జాలిపడి అన్నదా, నువ్వే చెప్పుకో అని అన్నదా అని సిమెంటక్క మూడు రోజులు కొట్టుమిట్టాడింది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. మూసి మర్చిపోవడం వేరు, అది పొరపాటు, ఎవరైనా చేస్తారు. ఆ పది లెక్క మాత్రం పొరపాటు కాదు. నాలుగో రోజు పొద్దున తమ్ముడి ఇంటికి వెళ్ళింది. వాడు కిటికీ పక్కన కూర్చుని ఎడం చేత్తో సిలిండరు మూతి తుడుచుకుంటున్నాడు. నిలబడే చెప్పింది. గాలి పోవడం లేదని తెలిశాక కూడా పది లెక్కపెట్టేంతసేపు నోరు విప్పలేదని.

వాడు తుడవడం ఆపాడు.

"ఎందుకు?"

"సిగ్గేసింది."

"సిగ్గు," అన్నాడు వాడు, ఆ మాట ఎప్పుడూ విననట్టు. మళ్ళీ తుడుచుకోవడం మొదలుపెట్టాడు. కాఫీ తాగి వెళ్ళమన్నాడు. ఆమె తాగి వచ్చింది.

రెండు వారాలకి మళ్ళీ నీళ్ళు నిలబడే రోజు కుదిరింది. ఈసారి ఫొటోలు లేవు, చప్పట్లు కొట్టేవాళ్ళూ లేరు. బొమ్మ నుదుటి మీద పెచ్చు లేచిన గుంట అలాగే ఉంది. సిమెంటుతో పూడ్చడానికి ఆమెకి చేతులు రాలేదు. వాడి నడిమి వేలికి ఇంకా పట్టీ ఉంది. సిమెంటక్క బార్జి మీద బొమ్మ పక్కనే నిలబడింది. నోట్లో మాట సిద్ధంగా పెట్టుకుంది. ఉంది అని చెప్పాలి, ఈసారి కళ్ళు పెట్టి, చెయ్యి పెట్టి, పొద్దున్నే రెండుసార్లు చూసుకుని వచ్చింది.

తమ్ముడు సీసపు బెల్టు బిగించుకున్నాడు. ఆమె ముందు నుంచే నడిచి వెళ్ళి, సంచిలోంచి సన్నటి ఇనుపకడ్డీ ఒకటి తీశాడు. బొమ్మ భుజం మీదికి ఎక్కి, కడ్డీని చిల్లులోకి దించాడు. అది లోపల ఖాళీలో అటూ ఇటూ తగిలి మోగింది. బయటికి తీసి, ప్యాంటుకి తుడిచి, సంచిలో పెట్టుకున్నాడు. ఆమెని ఏమీ అడగలేదు. అందులో కోపం లేదు, పట్టుదల లేదు. సిలిండరులో గాలి చూసుకున్నట్టే ఇదీ చూసుకున్నాడు. ఇక ఎప్పటికీ ఇలాగే చూసుకుంటాడని ఆమెకి అర్థమైంది. నోట్లో మాట నోట్లోనే మిగిలింది.

బొమ్మ దిగింది. తల మునగగానే గుడగుడమంది. బుడగలు వరసగా పైకి వచ్చాయి. మరదలు లెక్కపెట్టుకుంటూ తాడు పట్టుకుని కూర్చుంది. పావుగంటకి తాడు ఒకసారి బిగిసింది, తరవాత ఆ పిల్ల నాలుగుసార్లు లాగింది, తరవాత వాడు పైకి వచ్చాడు. నాలుగు కడ్డీలూ సరిగ్గా కూర్చున్నాయన్నాడు. తువ్వాలు అందించింది సిమెంటక్క. వాడు మొహం తుడుచుకున్నాడు. ఎప్పుడూ తనంతట తనే మొదలుపెట్టే కబుర్లు ఇవాళ మొదలుపెట్టలేదు. ఆమె కాసేపు చూసి, ఉండబట్టలేక అడిగింది.

"మూడోదాని తలలో ఆక్టోపస్ ఉందా?"

వాడు తువ్వాలు మెడ చుట్టూ వేసుకుని ఆమె వంక చూశాడు, ఆ రోజు తరవాత మొదటిసారి తిన్నగా.

"ఉంది," అన్నాడు.

ఉందో లేదో కడ్డీ పెట్టి చూసుకునే దారి ఆమెకి లేదు. ఇన్నేళ్ళుగా నమ్మినట్టే నమ్మింది.